తాడు చివరన ఉన్నవాడికీ పాట వినపడాలి

మా బావ వేక్‌బోర్డింగ్ బోటుకి, అంటే తాడు పట్టుకుని బోర్డు మీద నిలబడ్డవాణ్ణి నీళ్ల మీద లాక్కెళ్లే బోటుకి, స్పీకర్లు ఎంచే పని నాకు అప్పగించాడు. విశాఖ డాబాగార్డెన్స్‌లో షాపులన్నీ తిరిగాం. ఎవర్నడిగినా ముందు వాట్ల సంగతే చెబుతారు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది పీక్ పవర్, అంటే క్షణకాలం తట్టుకునేది. మనం చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా తట్టుకునేది. నన్నడిగితే అంతకన్నా ముఖ్యం సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి స్పీకర్ ఎంత మోత చేస్తుందన్నది. బోర్డు మీదున్నవాడు బోటుకి దాదాపు 20 మీటర్ల వెనక ఉంటాడు, మధ్యలో ఇంజిన్ హోరు. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. సెన్సిటివిటీ 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకర్‌కి అదే మోతకి సగం పవర్ చాలు. అందుకే బోటు మీద కమ్మీల టవర్‌కి హార్న్ ట్వీటర్ (సన్నటి శబ్దాల్ని గరాటులాంటి మూతితో దూరానికి పంపేది) ఉన్నవే తీసుకుందామన్నాను.

ఇక మన ఉప్పుగాలి. బీచ్ రోడ్డులో కిటికీ గ్రిల్సే తుప్పుపట్టిపోతాయి, కాగితం కోన్ (అదురుతూ శబ్దం చేసే భాగం) ఉన్న కారు స్పీకర్లు ఏం నిలుస్తాయి? పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ కోన్, ఉప్పుకి తొందరగా తుప్పుపట్టని 316 గ్రేడ్ స్టీల్ బోల్టులు, టిన్ పూత రాగి వైర్లు అడిగాం. డబ్బా మీద రాసే ఐపీ67 రేటింగ్ అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు తట్టుకుంటుందని. ఉప్పుకి తట్టుకుంటుందని కాదు, అది విడిగా అడగాలి.

బాస్ చాలదని బావకి బెంగ. బాస్ కోసం విడిగా పెట్టే సబ్‌వూఫర్ తర్వాత చూద్దాం బావా అన్నాను. తీరం దగ్గరికొస్తే వాల్యూమ్ తగ్గించమని మాత్రం గట్టిగా చెప్పాను, వలలు లాగేవాళ్లకి ఒకరి కేక ఒకరికి వినపడాలి కదా.