ఆడ మగ తేడాలు: పుట్టుకతో వచ్చినవి, మనం పెట్టినవి

ఇంటర్ అడ్మిషన్ల టైంలో మా నల్లగొండలో ఒకటే మాట. అబ్బాయి అయితే ఎంపీసీ, అమ్మాయి అయితే బైపీసీ, లేకపోతే సీఈసీ. ఎందుకని అడిగితే "ఆడపిల్లలకు లెక్కలు ఎక్కవు సార్, వాళ్ళ మెదడే వేరు" అంటారు, అదేదో సైన్స్ ఎప్పుడో తేల్చేసినట్టు. జువాలజీ చెప్పేవాణ్ణి కాబట్టి నాకు ఈ మాట వింటే కోపం వస్తుంది. తేడాలు లేవని నేను అనను. కానీ ఉన్న తేడాలను మనం పట్టించుకోం, లేనివాటిని పట్టుకుని పిల్లల చదువులు నిర్ణయిస్తాం. నా బాధ అది.

గర్భంలో మొదటి ఆరు వారాల దాకా పిండాన్ని చూసి ఆడో మగో చెప్పలేం, రెండింటికీ మూల కణజాలం ఒకటే. ఆ తర్వాత వై క్రోమోజోమ్ మీద ఉండే ఎస్ఆర్‌వై అనే జన్యువు (1990లో దీన్ని గుర్తించారు) పని మొదలుపెడితే వృషణాలు తయారవుతాయి, వాటి నుంచి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ వస్తుంది, మిగతా మార్పులన్నీ దాని వెనకే. ఆ హార్మోన్ ప్రభావం ప్రవర్తన మీద అస్సలు ఉండదా అంటే, ఉంటుంది. అడ్రినల్ గ్రంథిలో పుట్టుకతో వచ్చే ఒక లోపం వల్ల కడుపులోనే మగ హార్మోన్లు ఎక్కువగా తగిలిన ఆడపిల్లలు మిగతా అమ్మాయిల కంటే కార్లు, లారీల బొమ్మలతో ఎక్కువ ఆడతారని చాలా పరిశోధనల్లో కనిపించింది. దీన్ని దాచాల్సిన పని లేదు.

అయితే దీన్నుంచి లెక్కలు రాకపోవడం దాకా ఎలా వెళ్తారు? 2005లో జానెట్ హైడ్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ అప్పటిదాకా వచ్చిన 46 మెటా అనాలిసిస్‌లను (ఒకే విషయం మీద జరిగిన ఎన్నో పరిశోధనల ఫలితాలను కలిపి లెక్కగట్టేవి) ఒకచోట చేర్చి చూస్తే, ఆడ మగ మధ్య కొలిచిన మానసిక తేడాల్లో 78 శాతం చాలా చిన్నవి, లేదంటే దాదాపు సున్నా. లెక్కలు ఆ సున్నాకు దగ్గరగా ఉన్నవాటిలోనే ఉన్నాయి. బంతి విసిరే వేగంలో మగవాళ్ళు చాలా ముందుంటారు, శారీరక దూకుడులోనూ తేడా కనిపిస్తుంది. ఇక ఒక వస్తువును మనసులోనే తిప్పి చూసే పరీక్షల్లో సగటున అబ్బాయిలకు ఎక్కువ మార్కులొస్తాయి, ఇంజనీరింగ్ అబ్బాయిలకే అనేవాళ్ళు ఎప్పుడూ దీన్నే చూపిస్తారు.

వాళ్ళకు నేను మన దేశంలోనే జరిగిన ఒక అధ్యయనం గురించి చెప్తుంటాను. 2011లో అచ్చయింది. ఈశాన్యంలో ఖాసీలు, కర్బీలు అనే రెండు తెగలవాళ్ళు ఇరుగుపొరుగున ఉంటారు, తిండీ పంటా దగ్గరదగ్గరే, కానీ ఖాసీల్లో ఆస్తి కూతుళ్ళకు పోతుంది, కర్బీల్లో ఆడవాళ్ళకు భూమి ఉండదు. రెండు చోట్లా దాదాపు 1,300 మందికి నాలుగు ముక్కల పజిల్ ఇచ్చి జోడించమన్నారు. కర్బీల్లో మగవాళ్ళు త్వరగా చేశారు. ఖాసీల్లో ఆడ మగ మధ్య తేడానే రాలేదు! భూమి ఎవరి పేరు మీద ఉంది, ఎవరిని ఎంతవరకు చదివించారు అన్నదానితో ఆ తేడా మారిపోయిందంటే, దాన్ని మెదడు మీదికి నెట్టేయడం అన్యాయం కదా.

అంత దూరం కూడా అక్కర్లేదు, మన పొలాలు చూడండి. వరి నాట్లు ఆడవాళ్ళ పని, వంగి నాటు పెట్టడం మగవాళ్ళ చేత కాదు అని మా పెద్దవాళ్ళు ఎంత గట్టిగా చెప్పేవాళ్ళో. ఇప్పుడు మిర్యాలగూడ వైపు వెళ్తే బెంగాల్, బీహార్ నుంచి వచ్చిన మగ కూలీలు ముఠాలుగా దిగి, ఎకరాకు ఇంత అని మాట్లాడుకుని చకచకా నాటేస్తున్నారు. చీర నేసేముందు నూలును కొయ్యల చుట్టూ తిప్పే ఆసు పోయడం ఇంకో ఉదాహరణ. భుజాల్లో, చేతుల్లో బలం సగటున మగవాళ్ళకు చాలా ఎక్కువ, ఇది నిజమైన తేడానే. మరి చెయ్యి ఆగకుండా వేలసార్లు అటూ ఇటూ తిప్పుతూ భుజాలు పడిపోయే ఆ పని మాత్రం ఇంటి ఆడవాళ్ళకు ఇచ్చాం! ఆలేరు పక్క శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేసేదాకా దాన్ని ఎవరూ ఒక సమస్యగానే చూడలేదు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు, చాలా సంతోషించాను.

ఇక పట్టించుకోవాల్సిన తేడాల సంగతి. బిడ్డకు ఎక్స్ క్రోమోజోమ్ వెళ్తుందా (అప్పుడు ఆడపిల్ల) వై వెళ్తుందా (అప్పుడు మగపిల్లాడు) అన్నది తండ్రి వీర్యకణం మీదే ఆధారపడుతుందని ఇంటర్ పుస్తకంలో ఉంది, అయినా దేవరకొండ తండాల్లోనూ పాలమూరులోనూ, టౌన్‌లో డిగ్రీలు చదివిన ఇళ్ళలోనూ వరసగా ఆడపిల్లలు పుడితే తిట్లు తల్లికే. నెలసరి వల్ల, కాన్పుల వల్ల ఆడవాళ్ళకు ఐరన్ ఎక్కువ కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 57 శాతం ఆడవాళ్ళకు రక్తహీనత ఉంటే మగవాళ్ళలో 25 శాతమే, అయినా ఇంట్లో గుడ్డు, మాంసం ముందు ఎవరి కంచంలో పడతాయో అందరికీ తెలుసు.

మగవాళ్ళ విషయంలోనూ ఇంతే. డిప్రెషన్ ఆడవాళ్ళలో దాదాపు రెట్టింపు కనిపిస్తుంది, ఆత్మహత్యల్లో మాత్రం మన దేశంలో పదిమందిలో ఏడుగురు మగవాళ్ళే. అప్పుల్లో ఉన్న రైతు నోరు విప్పి టెన్షన్‌గా ఉంది అంటే "మొగోడివి కాదా" అంటాం. ఆ మాట దయచేసి మానేయండి.

ఒక్క విషయం మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. గుండెపోటులో ఛాతీ నొప్పి ఇద్దరికీ వస్తుంది, కానీ ఆడవాళ్ళకు దాంతోపాటు, కొన్నిసార్లు అది లేకుండానే, దవడ నొప్పి, వీపు నొప్పి, వాంతి వచ్చినట్టుండటం, ఆయాసం ఎక్కువగా కనిపిస్తాయి. మన దగ్గర దాన్ని గ్యాస్ అనుకుని గోలీ ఇచ్చి పడుకోబెడతారు, ఆమె కూడా పొద్దున చూద్దాంలే అంటుంది. అమ్మకో అత్తకో ఉన్నట్టుండి అలా అయితే పొద్దుటిదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి, ఆస్పత్రిలో ఈసీజీ తీయమని మీరే అడగండి.