నాయన రైఫిల్ నా లైసెన్సులోకి ఎక్కేదాకా

మా నాయన పోయాక పొలం, ఇల్లు అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సి వచ్చింది బీరువాలో ఉన్న రైఫిల్ సంగతి. పొలం కాగితాలు ఆర్నెల్లు ఆలస్యమైనా ఫర్వాలేదు. తుపాకీ అట్లా కాదు. లైసెన్సు మనిషి పేరు మీద ఉంటుంది, మనిషితోపాటే పోతుంది. ఆ తర్వాత అది ఎన్నేళ్ల నుంచి మన ఇంట్లో ఉన్నా లైసెన్సు లేని ఆయుధం కిందే లెక్క. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. దినాలు అయిన వెంటనే స్టేషన్‌కు ఫోన్ చేశాను. ఎస్సై గారు ఇద్దరు కానిస్టేబుళ్లను ఇంటికే పంపారు. తూటాలు లెక్కపెట్టి, నంబరు రాసుకుని, రసీదు ఇచ్చారు. వాళ్లు రాకముందే తమ్ముడు రైఫిల్‌కు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసిపెట్టాడు. ఆ ఫొటోలు తర్వాత చాలా అక్కరకొచ్చాయి.

ఆ రైఫిల్‌ను కొన్నది మా అబ్బ, అంటే నాయన వాళ్ల నాయన. మాది కడప జిల్లాలో లంకమల అడవి అంచున ఉన్న పల్లె. 1950లలో రిటైరైన ఒక అటవీ అధికారి అమ్మకానికి పెడితే, జత ఎద్దులు అమ్మి ఆ డబ్బుతో కొన్నాడట. ఎద్దులమ్మి తుపాకీ తెచ్చుకున్నందుకు మా అవ్వ చాలా రోజులు మాట్లాడలేదని నాయన చెప్పేవాడు. కానీ ఆ రోజుల్లో అడవిపందులు పడితే చెనిక్కాయ చేను రాత్రికి రాత్రే తుడిచిపెట్టుకుపోయేది. అబ్బ మంచె మీద కాపలా ఉండేవాడు, వేటకూ పోయేవాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట మానేశాడు. అబ్బ తిరిగిన ఆ అడవిలోనే 1986లో రెడ్డిపల్లె దగ్గర కలివికోడి అనే పక్షి మళ్లీ కనబడింది. అంతకుముందు దశాబ్దాల పాటు అది అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. ఇప్పుడు అదంతా అభయారణ్యం. వేట ఆగిపోవడం మంచిదే అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అబ్బ మీద నాకున్న ప్రేమకూ ఈ నమ్మకానికీ తగువేమీ లేదు.

నాయన చేతికొచ్చాక ఆ రైఫిల్ ఏ జంతువు మీదా పేలలేదు. నెలకోసారి నూనె గుడ్డతో తుడిచేవాడు. దసరాకు ఆయుధపూజలో అమ్మ పసుపు కుంకుమ పెట్టేది. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ స్టేషన్లో అప్పజెప్పి, కోడ్ ఎత్తేశాక తెచ్చుకునేవాడు. మా సీమలో లైసెన్సు తుపాకీ ఉన్న ప్రతి ఇంటికీ ఇది అలవాటే. 2024 మే 13 పోలింగ్‌కు కూడా అట్లాగే ఇచ్చి తెచ్చుకున్నాడు. బోల్టుకు కొంచెం తుప్పు పట్టిందని వారం రోజులు బాధపడ్డాడు.

తమ్ముడు బెంగళూరులో ఉంటాడు. "అక్కా, అమ్మేసి ముగ్గురం పంచుకుందాం. ఎందుకు ఈ టెన్షన్?" అన్నాడు. వాడి మాటలో తప్పేమీ లేదు. ముందు దాని విలువెంతో తెలుసుకుందామని లైసెన్సు పుస్తకం, ఫొటోలు తీసుకుని ఒక డీలరు దగ్గరకు వెళ్లాం.

ఆయన పెద్దాయన, ఓపిగ్గా చూశాడు. ఫోన్‌లో ఫొటో పెద్దది చేసి ఒక ముద్ర చూపించాడు. పొలంలో జొన్నచొప్ప కట్టల్ని ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినట్టు మూడు తుపాకులు నిలబెట్టి ఉన్న బొమ్మ. అది ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లోని బీఎస్ఏ అనే తుపాకుల కంపెనీ గుర్తు. గొట్టం మొదట్లో కిరీటం, దాని కింద అక్షరాలు ఉన్నాయి. అవి బర్మింగ్‌హామ్‌లో మందు పెట్టి పేల్చి పరీక్షించినట్టు కొట్టే గుర్తులట. ఇన్నేళ్లు మా ఇంట్లో ఉన్న వస్తువు, ఒక్కరోజూ ఆ గుర్తులను నేను ఇంత దగ్గరగా చూడలేదు.

"వస్తువు మంచిదేనమ్మా. కొనేవాళ్లేరీ?" అన్నాడాయన. విదేశీ తుపాకులకు గిరాకీ ఉంటుందని మా తమ్ముడు ఇంటర్నెట్లో చదివాడు. అది నిజమే కానీ ఎక్కువగా రివాల్వర్లకూ పిస్టళ్లకూ అని డీలరు చెప్పాడు. రైఫిల్ కొనాలంటే ఆ రకం ఆయుధానికి లైసెన్సు చేతిలో ఉండాలి, అందులో ఖాళీ ఉండాలి. ఆయుధాల చట్టానికి 2019లో సవరణ రాకముందు ఒక మనిషి మూడు ఆయుధాలు ఉంచుకోవచ్చు, ఆ తర్వాత రెండే. మూడోది ఉన్నవాళ్లు గడువులోగా వదిలించుకోవాల్సి రావడంతో పాత తుపాకులు చాలా షాపులకు చేరాయట. పైగా ఫ్యాక్షన్ చరిత్ర ఉన్న మా జిల్లాల్లో కొత్త లైసెన్సులు అంత తేలిగ్గా రావు. అన్నీ చూసి నలభై వేలన్నాడు. అబ్బ జత ఎద్దులిచ్చి తెచ్చుకున్నదానికి ఈరోజు మంచి దుక్కిటెద్దు ఒక్కటీ రాదు.

అందులోనూ కొంత తగ్గించాలన్నాడు, కారణం ఇత్తడి తీగ. కర్రభాగంలో చెయ్యి పట్టుకునే సన్నని చోట ఎప్పుడో పగులొచ్చింది. అబ్బ మా ఊరి కంసాలి చేత దాని చుట్టూ సన్నని ఇత్తడి తీగ చుట్టించాడు. చుట్టు పక్కన చుట్టు, ఎక్కడా సందు లేదు. చివర ఎక్కడ కలిపాడో వేలితో తడిమినా తెలియదు. డీలరు లెక్కలో అది రిపేరు. నాకు మాత్రం అబ్బ గుర్తొచ్చేది ఆ తీగ వల్లే. చిన్నప్పుడు నాయన పక్కన కూర్చుని దాన్ని చింతపండుతో తోమేది నేనే. షాపులోంచి బయటికొచ్చాక తమ్ముడితో చెప్పేశాను, ఇది నా పేరు మీద పెట్టుకుంటానని. వాడు కాసేపు ఆలోచించి, సరే అక్కా అన్నాడు.

అసలు పని అప్పుడు మొదలైంది. ఆయుధాల నియమావళి 2016లో 25వ రూల్ వారసుల గురించే. లైసెన్సుదారు చనిపోతే వారసుల్లో ఒకరు దరఖాస్తు చేసుకోవచ్చు. కొడుకే కావాలని లేదు, కూతురైనా సరే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండితే, లేదా ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గరుంటే, బతికుండగానే వారసుడి పేరు మీదికి మార్పించవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల పేరున లైసెన్సు ఉన్నవాళ్లు ఈ పని ఇప్పుడే చేయించుకోండి. పెద్దాయన సంతకమే ఉంటుంది కాబట్టి డెత్ సర్టిఫికెట్ లాంటి కాగితాల అవసరం ఉండదు.

నేను ఇచ్చిన కాగితాలు ఇవి: ఫారం ఏ-1 దరఖాస్తు, డెత్ సర్టిఫికెట్, తహసీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, నాయన లైసెన్సు పుస్తకం, స్టేషన్ రసీదు, తమకు అభ్యంతరం లేదని అమ్మ, తమ్ముడు, చెల్లెలు నోటరీ దగ్గర ఇచ్చిన అఫిడవిట్లు, ప్రభుత్వ డాక్టరు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం, ఆయుధాన్ని ఇంట్లో తాళం వేసి భద్రంగా ఉంచుతానన్న హామీపత్రం, శిక్షణ సర్టిఫికెట్.

ఇన్ని ఇచ్చినా ఫైలు తిరిగొచ్చింది. స్టేషన్ రసీదులో '303 రైఫిల్' అని ఉంది, లైసెన్సు పుస్తకంలో '315' అని ఉంది. ఈ తేడా చిన్నది కాదు. 303, అంటే త్రీనాట్‌త్రీ, సైన్యం వాడిన బోరు (గొట్టం లోపలి కొలత), నిషేధిత వర్గంలోకి వస్తుంది. దానికి అనుమతి జిల్లాలో ఇవ్వరు, కేంద్ర హోంశాఖ దాకా పోవాలి. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. బ్రిటిష్‌వాళ్లు సైన్యం వాడే బోరును సామాన్యుల చేతికి ఇవ్వలేదు. అందుకే బీఎస్ఏ లాంటి కంపెనీలు సైన్యం త్రీనాట్‌త్రీలో ఉండే అదే లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాంగానికి 8 మిల్లీమీటర్ల గొట్టం బిగించి, 315 పేరుతో వేట రైఫిళ్లు చేసి మన దేశంలో అమ్మాయి. మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే 315 కూడా ఆ దారిలో వచ్చిందే. ఏళ్ల తరబడి త్రీనాట్‌త్రీ మోసిన కానిస్టేబుల్ దీన్ని చూసి అదే అనుకోవడంలో వింత లేదు. మా ఊళ్లో కూడా అందరూ దాన్ని త్రీనాట్‌త్రీ అనే పిలిచేవాళ్లు.

ఆ కొన్ని వారాలు నాకు నిద్ర సరిగా పట్టలేదు. తమ్ముడు తీసిన ఫొటోల్లో గొట్టం మీద 315 అంకె స్పష్టంగా కనిపిస్తున్నదాన్ని పెద్దగా ప్రింటు తీయించి, అర్జీకి జత చేశాను. పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్ నుంచి ఆర్మరర్, అంటే ఆయుధాలు చూసే మెకానిక్, స్టేషన్‌కు వచ్చి, గొట్టాన్ని కొలిచి, అంకె చూసి, 315 అని రాసిచ్చాడు. రసీదు సరిచేశారు. ఫైలు కదిలింది.

విచారణకు ఎస్సై గారు ఇంటికొచ్చారు. "మేడమ్, మీరు టీచరు కదా, మీకెందుకండీ రైఫిల్?" అని మర్యాదగానే అడిగారు. ప్రాణభయమేమీ లేదని, ఇది మా అబ్బ వస్తువని, మా నాయన జాగ్రత్తగా చూసుకున్నాడని, నేనూ అట్లాగే చూసుకుంటానని చెప్పాను. కేసులు, పాత గొడవలు ఏమైనా ఉన్నాయా అని ఊళ్లో వాకబు చేశారు. చిన్నాయన మాత్రం, "ఆడపిల్లవు, నీకెందుకు పాపా ఇది, నా పేరు మీద పెట్టు" అన్నాడు. అమ్మ లోపలి నుంచే జవాబిచ్చింది: "దాన్ని చూసి చూసి తుడిచింది పాప చెయ్యే, పాప దగ్గరే ఉండనీ."

శిక్షణ గురించి ఎక్కువ చెప్పను. ఖాళీ తుపాకీని కూడా నిండుగా ఉన్నట్టే పట్టుకోవాలి, తూటాలు వేరే తాళంలో ఉంచాలి, బోల్టు తెరిచి లోపల తూటా కూర్చునే గది ఖాళీగా ఉందో లేదో చూసుకున్నాకే ఎవరి చేతికైనా ఇవ్వాలి. నాయన చెప్పకుండానే ఇవన్నీ చేసి చూపించాడని అక్కడ కూర్చున్నప్పుడు తెలిసింది.

లైసెన్సు ఐదేళ్ల గడువుతో వచ్చింది. రైఫిల్ తెచ్చుకున్న రోజే, డీలరు చెప్పిన ధర ప్రకారం తమ్ముడి వాటా, చెల్లెలి వాటా లెక్కగట్టి ఇచ్చాను. తమ్ముడు వద్దన్నాడు. చెల్లెలు తీసుకుంది, కూతురి కాలేజీ ఫీజుకు కట్టింది. తను తీసుకోవడం నాకు సంతోషంగానే ఉంది. ఎవరి వాటా వాళ్లకు చేరింది కాబట్టి, రేపు ఎవరూ మరొకరిని వేలెత్తి చూపే పని లేదు. కర్రకు కొత్త పాలిష్ పెట్టిస్తానని తమ్ముడు అన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు. పాత తుపాకీకి పాలిష్ కొడితే ధర ఇంకా పడిపోతుందని డీలరు కూడా చెప్పాడు.