గిన్నెడు చన్నీళ్లు ఎవరు ఎవరికిచ్చారు?

మత్తయి సువార్త 10వ అధ్యాయం 42వ వచనం మా సంఘంలో తెలియనివాళ్లు ఉండరు. "గిన్నెడు చన్నీళ్లు" తాగనిచ్చినవాడు తన ఫలం పోగొట్టుకోడని ప్రభువు చెప్పిన మాట. ఎండాకాలం చలివేంద్రం పెట్టినా, ఎక్కడైనా బోరు వేయించినా బ్యానర్ మీద ఆ వచనమే ఉంటుంది. ఆఫ్రికాలోని మలావీ దేశానికి మిషన్ ట్రిప్ వెళ్లినప్పుడు మేం ఎనిమిది మందిమి వేసుకున్న టీషర్టుల వెనక కూడా అదే. పదకొండు రోజులు అక్కడ ఉండి వచ్చాక, ఆ వచనాన్ని ఇన్నేళ్లూ తిరగేసి చదివానని తెలిసింది. అదే రాద్దామని కూర్చున్నాను.

ముంబై నుంచి అడ్డిస్ అబాబా మీదుగా లిలాంగ్వేలో దిగి, డెడ్జా జిల్లాలో ఒక పల్లెకి వెళ్లాం. ఫిబ్రవరి నెల. అక్కడ ఏడాది మొత్తంలో కష్టమైన రోజులు అవే, ఎందుకంటే పోయిన ఏడాది మొక్కజొన్న గాదెలో అయిపోయి ఉంటుంది, కొత్త పంట చేలో నిలువెత్తు పెరిగి ఉంటుంది కానీ కోతకు రావాలంటే ఏప్రిల్ దాకా ఆగాలి. చుట్టూ పచ్చగా ఉంటుంది, ఇంట్లో పిండి ఉండదు. ఇంత పచ్చగా ఉన్న చోట ఆకలేమిటని రెండు రోజులు నాకే అర్థం కాలేదు.

ఊళ్లో చేతిపంపు ఉంది, మన ఊళ్లలో బోరింగు అంటామే అలాంటిదే. ఆఫ్రిదేవ్ అంటారు. ఒక్క స్పానర్‌తో ఊరివాళ్లే విప్పుకుని బాగుచేసుకోవడానికి వీలుగా తయారు చేసిన పంపు. అది నెలల తరబడి పనిచేయట్లేదు, లోపల రబ్బరు సీలు అరిగిపోయింది. మేం కొత్త బోరు వేయించాలని సంఘంలో చందాలు పోగుచేసుకుని వెళ్లాం, తీరా చూస్తే కావలసింది అరచేతిలో పట్టే రబ్బరు ముక్క, దాన్ని మార్చే ఒక మనిషి. ఆయన పక్క ఊరి నుంచి సైకిల్ మీద వచ్చి మధ్యాహ్నానికల్లా బిగించేశాడు. మిగిలిన డబ్బు చుట్టుపక్కల పంపుల సామాన్ల కోసం అక్కడి పెద్దల చేతిలో పెట్టాం. ఇలాంటి పరిచర్యకి వెళ్లేవాళ్లకి నాదొక మనవి, బయల్దేరే ముందే ఆ ఊరివాళ్లని అడగండి, ఏం కావాలో వాళ్లకి బాగా తెలుసు.

కానీ నా మనసులో నిలిచిపోయింది పంపు కాదు, దానికి ముందు రోజు.

ఆ రోజు ఒక అవ్వ మమ్మల్ని భోజనానికి పిలిచింది. అక్కడ అవ్వనైనా తాతనైనా అగోగో అంటారు. న్సిమా వండింది, అంటే తెల్ల మొక్కజొన్న పిండితో చేసే సంకటి, కుడిచేత్తో ముద్ద చేసుకుని గుమ్మడాకు కూరలో అద్దుకుని తింటారు. జొన్న సంకటి తిని పెరిగినవాడిని, నాకది పరాయి తిండి అనిపించలేదు. తినేముందు చేతులు కడగాలి. అవ్వ నేల మీద బేసిన్ పెట్టి, జగ్గు పట్టుకుని నా ముందు మోకాళ్లూనింది. అతిథికి అక్కడి ఆడవాళ్లు చూపించే మర్యాద అదని ముందే చెప్పారు, అయినా మా అమ్మకన్నా పెద్దావిడ అలా నా ముందు మోకరించేసరికి ప్రాణం చివుక్కుమంది. లేవబోయాను. పక్కనున్న అక్కడి పాస్టర్ గారు నా భుజం మీద చెయ్యి వేసి, "పొయ్యనివ్వండి" అన్నారు.

కుడిచేత్తో జగ్గు పట్టుకుని, ఎడమచేత్తో ఆ మోచేతిని ఆనించి, సన్నగా ధార పోసింది. ఆ నీళ్లు ఎక్కడివో నాకు తెలుసు. పొద్దున ఆమె మనవరాలు, పదేళ్లు కూడా ఉండవేమో, వాగు దగ్గర నుంచి బకెట్ నెత్తిన పెట్టుకుని రావడం చూశాను, తొణక్కుండా నీళ్ల మీద ఆకులు వేసుకుని మరీ నడిచింది. ఆ నీళ్లు ఇప్పుడు నా వేళ్ల మీంచి జారిపోతున్నాయి.

ఆ రాత్రి దోమతెరలో కూర్చుని బైబిల్ తీసి, ఆ అధ్యాయం మొదటి నుంచీ చదివాను. పన్నెండుమంది శిష్యుల్ని పంపిస్తూ ప్రభువు చెప్పిన మాటలవి. బంగారం వద్దు, వెండి వద్దు, జాలె (అంటే సంచి) వద్దు, రెండు అంగీలు వద్దు. అంటే ఎవరింటికి వెళ్తే ఆ ఇంటివాళ్లు పెడితేనే తినాలి, పోస్తేనే తాగాలి. (మేం తలా రెండు పెద్ద సూట్‌కేసులతో దిగాం.) చివర్లో "మిమ్మును చేర్చుకొనువాడు నన్ను చేర్చుకొనును" అని చెప్పి, ఆ వెంటనే ఈ వచనం. మరి "ఈ చిన్నవారు" ఎవరు? పంపబడిన శిష్యులే కదా! నీళ్లిచ్చేది ఊరివాళ్లు. దాహంతో ఉన్నవాళ్లకి నీళ్లివ్వాలని 25వ అధ్యాయంలో వేరే ఉంది, అది చెయ్యాల్సిందే. కానీ ఈ వచనంలో మాత్రం మేం చెయ్యి చాచినవాళ్లం. ఫలం అవ్వది.

మాది ఒంగోలు వైపు. మా వాళ్లకి సువార్త అందింది కూడా ఆకలి రోజుల్లోనే, 1876-78 నాటి ధాత కరువులో. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి దొరికేలా చేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చిన్నప్పటి నుంచి ఈ కథ వింటూనే ఉన్నాం, ఎప్పుడూ దొరగారు ఇచ్చారు, మనం తీసుకున్నాం అనే వైపు నుంచే. తాళ్లకొండపాడు యెర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ విశ్వాసులు ఊరూరా తిరిగి వాక్యం చెప్పకపోతే దొరగారి మాట ఎంత దూరం వెళ్లేది? ఆ ఎండల్లో మా పల్లెల్లో దొరగారికి మంచినీళ్లు ఎవరిచ్చి ఉంటారు? ఆ తల్లుల గురించి మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

బయల్దేరే రోజు పొద్దున అవ్వకి చెప్పి వద్దామని వెళ్లాం. నీ కోసం ప్రార్థన చేస్తాం అన్నాం. ముందు మీకు నేను చేస్తాను, మీదే ఊరు అని అడిగింది. ఒంగోలు అన్నాను. మీ దగ్గర వానలు పడుతున్నాయా అంది. ఇంట్లో పిండి నిండుకున్న మనిషి, ఎక్కడో సముద్రానికి ఇవతల ఉన్న మన చేల సంగతి అడుగుతోంది. ఈ ఏడు సరిగా పడలేదమ్మా అన్నాను, నాన్న ఫోన్‌లో చెప్పింది గుర్తొచ్చి.

వాళ్ల భాష చిచేవాలో చాలాసేపు ప్రార్థించింది. నాకు అర్థమైనవి రెండే మాటలు. ఒకటి మ్వులా, వాన. రెండోది ఒంగోలు, ఆమె నోట ఒంగోలే అని వచ్చింది. ఆ రెండూ కలిపి మళ్లీ మళ్లీ అంటూనే ఉంది. నేను కళ్లు మూసుకోలేకపోయాను. ఆమె చెయ్యి నా చేతిలో ఉంది, అప్పుడే పంపు దగ్గర నుంచి వచ్చిందేమో, ఇంకా తడి ఆరలేదు.