ఒక్క మెతుకు

మెల్‌బోర్న్‌కి వచ్చిన కొత్తలో నా ఉద్యోగం ఏమిటో నాన్నకు చెప్పడానికి తంటాలు పడేవాణ్ణి. బడిపిల్లల మీద సర్వేలు చేసే కంపెనీ అంటే, "అయితే రోజూ బళ్లు తిరుగుతావా?" అనేవారు. తిరగను. బళ్లు పంపిన పేర్ల లిస్టులు సరిచూసి, అందులో ఎవరెవరు ఎంపికయ్యారో తిరిగి పంపుతాను. అంతే.

"ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదట్రా?" అన్నారోసారి. ముప్పై ఏళ్లు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి.

చాలు నాన్నా, గిన్నె ఒకటే అయితే. పెళ్లిలో ఇరవై గుండిగలు పొయ్యి మీదుంటే? ఒక గుండిగలోంచి గుప్పెడు తీసినా ఆ గుండిగ సంగతే తెలుస్తుంది. బడీ అంతే. ఒకే పేట, అవే పాఠాలు, అదే టీచర్లు. పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు. ఆ పోలికను సున్నా నుంచి ఒకటి దాకా కొలిచి, 0.25 అనుకుంటే, ఒక బడిలో 42 మందిని అడిగినా, దేశం సగటు గురించి నలుగురు విడివిడి పిల్లలు చెప్పినంతే తెలుస్తుంది. అందుకే పదిహేనేళ్ల పిల్లల చదువును దేశాల మధ్య పోల్చే పీసా పరీక్షకు దేశానికి కనీసం 150 బళ్లు కావాలంటారు. ఆస్ట్రేలియాలో అయితే 700 దాటతాయి.

పెద్ద బడి ఎంపికయ్యే అవకాశం ఎక్కువ. ఆ వయసు పిల్లలు 500 మంది ఉన్న బడికి 50 మంది ఉన్నదానికంటే పది రెట్లు. అన్యాయం అనిపిస్తుంది కానీ, లోపలికెళ్లాక రెండు చోట్లా అంతే మందిని తీస్తారు కాబట్టి చివరికి ఏ పిల్లవాడికైనా అవకాశం దాదాపు ఒకటే. ఇక్కడి ఆదివాసీ పిల్లల విషయం వేరు. వాళ్ల సంఖ్య తక్కువ కాబట్టి, ఎంపికైన బడిలో వయసు సరిపోయిన వాళ్లందరినీ పిలుస్తారు. తర్వాత లెక్కల్లో వాళ్ల బరువు, అంటే ఒక్కొక్కరు ఎంతమంది తరఫున లెక్కకొస్తారో అది, సరిచేస్తారు.

లెక్కలు నాకెప్పుడూ టెన్షన్ పెట్టలేదు. ఫోన్లే పెట్టాయి. ఓ బడి నుంచి ఒకావిడ చేసి, లిస్టులో పదిహేడో అమ్మాయి సరిగా రావడం లేదనీ, బదులుగా చాలా చురుకైన పిల్లను కూర్చోబెడతామనీ అంది. ఎంత మర్యాదగా అడిగిందో! కుదరదన్నాను. బడి ఒప్పుకోకపోతే దాని బదులు ఏ బడో ముందే రాసి ఉంటుంది. పిల్లలకు బదులు లేరు.

రాత్రి ఇది చెబితే నాన్న కాసేపు మాట్లాడలేదు.

"మేమూ చేశాం రా. ఇన్‌స్పెక్షన్ రోజు ఎక్కాలు రానివాళ్లను ఇంటి దగ్గరే ఉండమనేవాళ్లం. వాళ్లకు సెలవు దొరికిందని సంబరం."

తర్వాతి ఆదివారం తనే అడిగారు. "ఆ పదిహేడో పిల్ల వచ్చిందా?"

"రాలేదు. ఆబ్సెంట్ అని రాశాం. తన బరువు మిగతావాళ్లకు పంచాం."

"పేరేంటి?"

చెప్పకూడదు నాన్నా అన్నాను.