కుంకుమ ఎరుపు కోసం: గంగజాతర ఫోటోలకు సాఫ్ట్‌వేర్ వెతుకులాట

జాతర ముగిసిన మర్నాడు

కార్డులో 1,126 ఫోటోలు. అన్నీ రా ఫైళ్లే (సెన్సర్ పట్టిన వివరాలన్నీ ఉండే ముడి ఫైళ్లు), ఒక్కోటి 25 ఎంబీకి అటూ ఇటూ, మొత్తం 28 జీబీ. తిరుపతి కొర్లగుంటలో మా మిద్దె మీద కూర్చున్నా, అవన్నీ లాప్‌టాప్‌లోకి దిగేలోపు రెండు టీలు అయినాయి. కెమెరా కానన్ 1500డీ, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్సు, తర్వాత కొన్న 50 ఎంఎం 1.8. లాప్‌టాప్ ఆరేళ్ల నాటి ఐ3, 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. పోయినేడు పాత హార్డ్ డిస్క్ పీకించి ఎస్ఎస్‌డీ వేయించా, దానికి నేను చేసిన సేవ అదొక్కటే.

ఇన్నాళ్లూ జేపెగ్‌లు తీసి ఫోన్లో స్నాప్‌సీడ్‌తో సరిపెట్టుకున్నా. అంతకుముందు పికాసా. గూగుల్ 2016లో దాన్ని ఆపేసినా నేను మాత్రం పాత కంప్యూటర్ చచ్చేదాకా వదల్లేదు. ఈసారి పెద్ద సైజు ప్రింట్లు వేయించి హాల్లో పెట్టాలని పట్టుదల. అందుకే రా. అందుకే ఈ సాఫ్ట్‌వేర్ వెతుకులాట.

స్టూడియో నడిపే మా బావమరిదికి ఫోన్ చేస్తే ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ఫోటోషాప్ ఎక్కించుకో బావా, పెన్‌డ్రైవులో పెట్టిస్తా." వద్దన్నా. రెండేళ్ల కింద అట్లాంటి పెన్‌డ్రైవే ఒకటి పెడితే, వైరస్ పట్టి మా పాప అన్నప్రాశన ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి కూర్చున్నాయి. ఫైళ్లు దాక్కున్నాయే గానీ పోలేదు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి ఇంట్లో తిన్న తిట్లు మాత్రం దాక్కోలేదు.

అదే వారం, ఆదివారం

పరీక్ష ఎట్లా పెట్టాలో ఆలోచిస్తుంటే జవాబు కార్డులోనే దొరికింది. తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినోళ్లకు చెప్పే పనిలేదు, చూడనోళ్ల కోసం చెప్తున్నా: రోజుకో వేషం. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లసుద్ద. బండ వేషానికి కుంకుమ. తోటి వేషానికి బొగ్గు. దొర వేషానికి గంధం. రంగులు సరిచూసుకోవడానికి ఫోటోగ్రాఫర్లు గళ్లు గళ్లుగా ఉండే ఒక అట్ట కొంటారు. మనూళ్లో మనుషులే దాన్ని ఒంటికి పూసుకుని వీధులెంట తిరుగుతా ఉంటే నేను అట్ట కొనడమెందుకు?

వేషానికొకటి చొప్పున నాలుగు ఫోటోలు ఏరి 'పరీక్ష' అని ఫోల్డరు పెట్టా. ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా ముందు ఈ నలుగురికీ మొక్కాలి.

వీటిలో మొండిది ఎరుపు. మా వీధి కుర్రోడు బండ వేషం కట్టినాడు, పదిగంటల ఎండ, ఛాతీ నిండా కుంకుమ. కెమెరా తెరమీద చూసుకున్నప్పుడు హిస్టోగ్రామ్ (ఏ వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫు) బుద్ధిగా మధ్యలో ఉండింది. ఇంటికొచ్చి జేపెగ్ చూస్తే ఛాతీ మీద ఎర్ర పెయింటు డబ్బా ఒలకబోసినట్టుంది. వేళ్లతో పూసిన చారలు లేవు, చెమటకు జారిన గీతలు లేవు. కారణం తెలుసుకునేసరికి పొద్దుపోయింది. నేను చూసింది వెలుగు హిస్టోగ్రామ్. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కలిసిపోతాయి, పచ్చదే పెద్ద వాటా. కుంకుమలో పచ్చ, నీలం దాదాపు ఉండవు కాబట్టి మొత్తం మీద మామూలుగా కనిపిస్తుంది, ఎరుపు చానల్ ఒక్కటి మాత్రం కుడి గోడకు గుద్దుకుని ఉంటుంది, అంటే అక్కడ ఇంక వివరాలకు చోటు లేదు. 1500డీ మెనూలో హిస్టోగ్రామ్‌ను ఆర్‌జీబీకి, అంటే మూడు రంగులూ విడివిడిగా చూపేదానికి, మార్చుకోవచ్చు. మార్చేశా. ముందే మార్చుకుని ఉంటే ఎక్స్‌పోజర్ ఒక రెండు క్లిక్కులు తగ్గించి తీసేవాణ్ని.

జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు. ఈ కెమెరా రా 14 బిట్లు, అంటే 16,384 మెట్లు. జేపెగ్‌లో పోయిన చారలు రాలో ఇంకా మిగిలే ఉండొచ్చని ఆశ. ఏ సాఫ్ట్‌వేర్ వాటిని బయటికి తీస్తుందన్నదే అసలు పరీక్ష.

మే చివరి వారం: కానన్ సొంత సాఫ్ట్‌వేర్

డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్. ఉచితం, కాకపోతే డౌన్‌లోడుకు కెమెరా సీరియల్ నంబరు అడుగుతుంది, అది కెమెరా అడుగున ఉంటుంది. తెరిచీ తెరవంగానే రంగులు కెమెరాలో చూసినట్టే వచ్చాయి. దొర వేషం గంధం అయితే చెయ్యి పెట్టే పనే లేకుండా కుదిరింది. కుంకుమకు పిక్చర్ స్టైల్ (రంగుల తీరు) 'స్టాండర్డ్' నుంచి 'న్యూట్రల్'కు మార్చా, వెలుగు కాస్త తగ్గించా. చారలు కనిపించాయి! కుర్చీలోంచి లేచి మా ఆవిడను పిలిచి చూపించా. "ఎర్రగానే ఉండాది కదా, ముందు కూడా" అని పోయింది.

నచ్చనిది ఏమంటే, మనం చేసిన మార్పుల చిట్టాను ఇది రా ఫైల్లోనే రాసి పెడుతుంది. ఫోటో చెడదని తెలుసు. అయినా అసలు ఫైలును ముట్టుకోవడం నాకు పడదు. పైగా రేపు వేరే కంపెనీ కెమెరా కొంటే ఇదంతా గంగలో కలిసినట్టే.

జూన్ మొదటి వారం: లైట్‌రూమ్, ఏడు రోజులు

అడోబ్ వాళ్ల ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్, ఉచిత ట్రయల్ వారం. ఉన్నమాట చెప్పాలి, చేతికి అన్నిటికన్నా సులువుగా వచ్చింది ఇదే. మనిషిని తనే గుర్తుపట్టి మాస్కు వేస్తుంది, అంటే దిద్దేది ఆ భాగానికి మాత్రమే తగులుతుంది. తోటి వేషం ఫోటోలో బొగ్గు పూసిన ముఖం, వెనక వేపాకు నీడ, రెండూ నలుపే. వాటిని విడదీయడం నాకు గంట పని, దానికి ఒక నొక్కు. ఆ నొక్కు తర్వాత మా లాప్‌టాప్ ఫ్యాను మాత్రం రేణిగుంటలో విమానం లేచినట్టు లేచింది.

నెలనెలా కట్టడం దగ్గర ఆగిపోయా. పాత పద్ధతిలో ఒకసారి కొనుక్కునే లైట్‌రూమ్ ఇప్పుడు లేదు, 2017 నుంచి చందా మాత్రమే. కట్టడం మానేస్తే కంప్యూటర్లో వాడే లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఫోటోలు చూసుకోవచ్చు, ఎగుమతి చేసుకోవచ్చు, ఫోటోలు దిద్దే డెవలప్ భాగం మాత్రం మూతపడుతుంది. నెలకు పెళ్లి రెండు మూడు ఒప్పుకునేవాళ్లకు అది లెక్కలోకి రాదు. నేను ఏడాదికి జాతర ఒకటి, తలకోన ఒకటి, చలికాలంలో నేలపట్టు గూడబాతులు ఒకటి. మిగతా తొమ్మిది నెలలు దేనికి కట్టాలి?

జూన్ రెండో, మూడో వారాలు: రా థెరపీ, డార్క్‌టేబుల్

రెండూ ఉచితం, రెండూ రా ఫైలును ముట్టుకోవు, మార్పులను పక్కన చిన్న ఫైల్లో రాస్తాయి. రా థెరపీది .పీపీ3, డార్క్‌టేబుల్‌ది .ఎక్స్ఎంపీ.

రా థెరపీ గురించి తక్కువే రాస్తా. వివరాలు రాబట్టడంలో దాన్ని మించింది నాకు కనబడలేదు, బైరాగి సుద్దలో పగుళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. షార్పెనింగు (పదును పెంచడం), నాయిస్ (రవ్వల్లా కనిపించే చుక్కలు) తగ్గించడం లాంటివి కొన్ని, ఫోటోను నూరు శాతం పెద్దది చేసి చూస్తేనే తెరమీద కనిపిస్తాయి. అది తెలియక మొదటి రోజంతా స్లైడర్ జరుపుతూ 'ఇది పనిచెయ్యదే' అని తిట్టుకున్నా. 1,126 ఫోటోల్లోంచి ఏరుకోవడానికి మాత్రం కేటలాగ్ ఉండదు, ఫోల్డర్లు తిరగడమే. నా బద్ధకానికి అది సరిపోదు.

డార్క్‌టేబుల్ మొదట భయపెట్టింది. తెరవంగానే ఫోటో కెమెరా జేపెగ్ కన్నా చప్పగా కనిపిస్తుంది, పక్కన మాడ్యూళ్ల (ఒక్కో పనికి ఒక్కో పనిముట్టు) వరస చూస్తే తిరుమల క్యూ కాంప్లెక్స్ గుర్తొస్తుంది. నాకు చివరికి కుదిరిన వరస చిన్నదే: ముందు ఎక్స్‌పోజర్ (అది తనంతట తానే +0.7 ఇచ్చుకుంటుంది, ఎండలో తీసిన సుద్దకూ కుంకుమకూ దాన్ని సున్నాకో ఇంకా కిందికో దించాలి), తర్వాత కలర్ క్యాలిబ్రేషన్‌లో వైట్ బ్యాలెన్స్, తర్వాత సిగ్మాయిడ్ (వెలుగునీడలను తెరకు సరిపడేలా అమర్చేది), ఆఖరికి లెన్స్ కరెక్షన్. మిగతా మాడ్యూళ్ల జోలికి పోవద్దని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నా.

కుంకుమ ఇక్కడ ఒక ఆట ఆడించింది. ఏదో వీడియో చూసి సిగ్మాయిడ్‌లో రంగు ఛాయను కాపాడే 'ప్రిజర్వ్ హ్యూ' స్లైడర్ సున్నాకు లాగా. వెలుగు బాగా పడినచోట ఎరుపు నారింజలోకి జారింది, కుంకుమ కాస్తా ఆంజనేయస్వామి సింధూరం అయిపోయింది. స్లైడర్ మళ్లీ నూటికి తెచ్చి, ఎక్స్‌పోజర్ తగ్గించి, ఛాతీ చుట్టూ మాస్కు గీసి అక్కడ మాత్రం రంగు గాఢత కొంచెం దించా. అప్పుడు వచ్చింది. మూడు వేళ్ల చార, ఎడమ భుజం నుంచి బొడ్డు దాకా, మధ్యలో చెమట కోసుకుపోయిన గీతతో సహా. కానన్ సాఫ్ట్‌వేర్‌లో కన్నా ఇంకా తేటగా.

వేగం సంగతి: మామూలు ఫోటో ఎగుమతికి మా లాప్‌టాప్‌లో 15 సెకన్లు. రాత్రి ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ సున్నితత్వం) 3200కు పెంచి తీసినవాటికి నాయిస్ తగ్గించే మాడ్యూల్ వేస్తే నిమిషం దాకా. రాత్రి భోజనానికి ముందు వరస పెట్టి పోతే, తిని వచ్చేసరికి అయిపోతాయి.

జూన్ చివర: పుర్రెలు

ఈ ఒక్కరోజు గురించి విడిగా రాయాలి. ఫోల్డర్ల పేర్లు బాగాలేవని విండోస్‌లోనే 'బైరాగి', 'బండ', 'తోటి' అని మార్చి పెట్టా. డార్క్‌టేబుల్ తెరిస్తే ఫోటోల బదులు వరసగా పుర్రె బొమ్మలు! గుండె ఆగినంత పనైంది. ఫైలు పాత చోట కనబడకపోతే అది చూపే గుర్తట అది. ఎంత చావు కబురైనా అట్లా చెప్పాలా?

పక్క ఫైళ్లు ఫోటోలతోపాటే ఉన్నాయి కాబట్టి, కొత్త ఫోల్డర్లను మళ్లీ ఇంపోర్ట్ చేస్తే చేసిన పనంతా వెనక్కొచ్చింది. అప్పట్నుంచి పేర్లు మార్చినా, చోటు మార్చినా డార్క్‌టేబుల్ లోపలినుంచే. బ్యాకప్ తీసేటప్పుడు .ఎక్స్ఎంపీలు కూడా కలిపి తీస్తున్నా, అవి ఒక్కోటి కొన్ని కేబీలే.

జూలై: తీగలూ, అక్షరాలూ

మన వీధుల్లో ఆకాశం కనబడాలంటే కరెంటు తీగలు, కేబుల్ తీగలు చెరపాలి. దానికి గింప్ అనే ఫోటో ఎడిటర్. 1995లో బెర్క్‌లీలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టింది ఇది, 3.0 వచ్చింది 2025 మార్చిలో. రా ఫైలును తనంతట తాను తెరవదు, డార్క్‌టేబుల్ ఉంటే దానికి అప్పగించి అక్కణ్నుంచి తీసుకుంటుంది. నాకు అదే కావలసింది. హీల్ టూల్‌తో తీగలు పోయాయి. ఒకచోట తీగతోపాటు పక్కింటి మిద్దె పిట్టగోడ సగం పోయింది, వాళ్లకు చెప్పలేదు.

అసలు సంబరం తెలుగు అక్షరాల్లో. మా బావమరిది స్టూడియోలో ఫ్లెక్సీలన్నీ యూనికోడ్ కాని అను ఫాంట్లతోనే, దానికి వేరే కీబోర్డు, వేరే లోకం. గింప్‌లో రామభద్ర ఫాంటు వేసి మామూలు యూనికోడ్‌లో 'శ్రీ తాతయ్యగుంట గంగమ్మ' అని కొడితే ఒత్తులు, శ్రీలు ఎక్కడివక్కడ కూర్చున్నాయి. ఫోటోషాప్‌లో ఇదే కొడితే 'శ్రీ' విరిగిపోతోందని వాడు గొణుగుతుంటాడు. పాత ఫోటోషాప్ వెర్షన్లలో టైపు సెట్టింగుల్లో దక్షిణాసియా భాషలకు వేరే ఇంజను ఉంటుంది, దానికి మార్చుకోమని చెప్పా. మార్చుకున్నాడు. ఆ రోజు బావ గౌరవం కొంచెం పెరిగింది.

జూలై మూడో వారం: ప్రింటు

12×18 అంగుళాల ప్రింటుకు, అంగుళానికి 300 చుక్కల లెక్కన, 5400×3600 పిక్సెళ్లు కావాలి. మన ఫోటో 6000×4000, హాయిగా సరిపోతుంది. నిష్పత్తి కూడా 3:2 కాబట్టి ఏ అంచూ కోయనక్కర్లేదు. అదే 8×10 అంటే ఎవరో ఒకరి చెయ్యో, శూలమో పోతుంది.

మొదటి ప్రింటు తగలేశా. గొప్పకు పోయి, ఎక్కువ రంగులు పట్టే రంగుల పరిధి అని అడోబ్ ఆర్‌జీబీలో ఎగుమతి చేసి ల్యాబుకిచ్చా. కుంకుమ ఇటుకపొడిలా వచ్చింది. వాళ్ల మిషను అన్నిటినీ మామూలు ఎస్ఆర్‌జీబీ అనుకునే వేస్తుందని కౌంటర్లో అబ్బాయి చెప్పాడు. తప్పు నాదే, ముందు అడగాల్సింది. మళ్లీ ఎస్ఆర్‌జీబీలో ఇస్తే, తెరమీద చూసినదానికి చాలా దగ్గరగా వచ్చింది. పెద్దది వేయించే ముందు 4×6 ఒకటి వేయించి చూసుకోవడం ఇప్పుడు అలవాటు చేసుకున్నా.

ఇప్పటి లెక్క: ఏరడం, దిద్దడం డార్క్‌టేబుల్. తీగలు, అక్షరాలు గింప్. గంధం, ఒంటిరంగు ఎట్లా ఉండాలో అనుమానం వస్తే కానన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి పక్కన పెట్టుకుని చూడటం. 1,126లో 140 మిగిల్చా, అందులో 62 పూర్తయినాయి. తోటి వేషం నీడలు ఇంకా తేలలేదు, బొగ్గులో నాయిస్ తగ్గిస్తే ముఖం మైనం బొమ్మలా అవుతోంది.

నిన్న సాయంత్రం బండ వేషం ప్రింటు తీసుకుని ఆ కుర్రోడి ఇంటికి పోయినా. రెండు చేతులా పట్టుకుని చూసినాడు. నేను వేళ్ల చార గురించి చెప్పబోతుంటే వాడే అన్నాడు, "ఇది మా యమ్మ పూసింది కదన్నా, ఈ చార." లోపల్నించి వాళ్లమ్మ చెయ్యి తుడుచుకుంటా వచ్చి, తన చెయ్యి తాను గుర్తుపట్టింది.

"బలే ఉండాదన్నా," అన్నాడు వాడు. "వాట్సాప్‌లో పెట్టన్నా, స్టేటస్ పెట్టుకుంటా."

ఫోటోగా పంపితే వాట్సాప్ కుదించేస్తుందని డాక్యుమెంటుగా పంపించా, కనీసం వాడి ఫోన్లోకి చేరేదాకైనా చార చెరగకుండా.