ఐదు సంఘాలు, ఒక్క డిమాండ్: ఐక్య వేదిక కట్టిన అనుభవం

నేను వికలాంగుల హక్కుల సంఘంలో పనిచేస్తాను. కొత్తగా కొనే ప్రతి సిటీ బస్సులోకీ వీల్‌చైర్ నేరుగా ఎక్కేలా ఉండాలని ఏళ్ల తరబడి వినతిపత్రాలు ఇచ్చాం. "మీరు కొద్దిమందే కదా" అనే జవాబే వచ్చేది. అందుకే వృద్ధుల సంఘం, మహిళా సంఘం, పర్యావరణ సంఘం, డ్రైవర్లు కండక్టర్ల యూనియన్‌తో కలిసి ఐక్య వేదిక పెట్టాలనుకున్నాం.

మొదటి సమావేశంలో ఎవరు ఏ డిమాండ్ చెప్పినా అందరూ సరేనన్నారు. జాబితా చాంతాడంత అయింది. నాకు భయం వేసింది. అలాంటి జాబితా ఇస్తే అధికారులు ఖర్చులేని రెండు ఒప్పుకుని, మిగతావి పక్కన పెట్టేస్తారు.

అప్పుడు మందుపాతరల నిషేధ ఉద్యమం సంగతి చెప్పాను. 1992లో ఆరు సంస్థలు కలిసి దాన్ని మొదలుపెట్టాయి. వాటిలో మాజీ సైనికుల సంస్థ ఉంది, డాక్టర్ల సంస్థ ఉంది, మానవ హక్కుల సంస్థ ఉంది. మనుషుల మీద ప్రయోగించే మందుపాతరలను పూర్తిగా నిషేధించాలన్నదే వాళ్లందరినీ కలిపిన డిమాండ్. 1997లో ఈ నిషేధ ఒప్పందం మీద ఓస్లోలో చర్చలు జరిగినప్పుడు, కొరియాలో ఉన్న మందుపాతరలకు మినహాయింపు కావాలని అమెరికా అడిగింది, దొరకలేదు. ఆ డిసెంబరులో ఒట్టావాలో 122 దేశాలు అమెరికా లేకుండానే ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఈ సంగతి విన్నాక "మనకు ఏ ఒక్కటి వదులుకోలేనిది?" అన్న చర్చ మొదలైంది.

అసలు కష్టం యూనియన్ దగ్గర వచ్చింది. వాళ్లు మాకు వ్యతిరేకం కాదు. వీల్‌చైర్ ఎక్కించడానికి ర్యాంప్ వేయాలి, బెల్టు కట్టాలి. ఆ ఆలస్యానికి మెమో డ్రైవర్‌కే వస్తుంది. ఇది మాకెవరికీ అంతకుముందు తట్టలేదు. చాలా వాదనల తర్వాత డిమాండ్‌ను ఇలా రాసుకున్నాం: కొత్త బస్సులన్నీ ర్యాంపు ఉన్న లో-ఫ్లోర్ బస్సులే కావాలి, వాటికి ట్రిప్పు టైము పెంచాలి. ఈ రెండో ముక్క చేరాకే యూనియన్ మనస్ఫూర్తిగా కలిసింది. పొత్తు కావాలంటే అవతలివాళ్ల భయం కూడా మన డిమాండ్‌లో కనిపించాలని నేను గట్టిగా నమ్ముతాను.

బస్ స్టాపుల్లో దీపాలు, చార్జీల తగ్గింపు లాంటివి ఆయా సంఘాలు తమ పేరుతో అడగొచ్చు, వేదిక పేరు వాడకూడదు. చార్జీల మీద మాకు ఏకాభిప్రాయం లేదని కూడా కాగితం మీద రాసి సంతకాలు పెట్టాం. తర్వాత విలేకరులు ఆ విషయమే గుచ్చి గుచ్చి అడిగినప్పుడు ఎవరూ తడబడలేదు. పత్రికా ప్రకటన ముసాయిదా అందరికీ వెళ్లేది. ఒక రోజులో అభ్యంతరం రాకపోతే విడుదల చేసేవాళ్లం. ఖర్చు మాత్రం సమానంగా పంచలేదు. డబ్బు తక్కువున్న సంఘాలు మనుషుల్ని ఇచ్చాయి.

కార్యాచరణను టెండర్ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ తయారుచేశాం. బస్సు ఎలా ఉండాలో టెండర్ షరతుల్లోనే తేలిపోతుంది. అవి ఖరారయ్యాక ఎంత పెద్ద ధర్నా చేసినా లాభం ఉండదు. కాబట్టి ముందు షరతులు రాసే ఇంజినీర్లను కలిశాం, ఆ తర్వాతే పాలకమండలి సభ్యుల దగ్గరికి వెళ్లాం. ధర్నాను చివరికి ఉంచుకున్నాం. ఇంజినీర్ల దగ్గర మా అందరికంటే బాగా మాట్లాడింది ఒక సీనియర్ డ్రైవర్. ర్యాంప్ ఎక్కడుంటే ఎంత సమయం పడుతుందో ఆయన చెబుతుంటే వాళ్లు నోట్ చేసుకున్నారు.

మధ్యలో అధికారులు మా సంఘాన్ని ఒక్కదాన్నే పిలిచి, కొన్ని రూట్లలో మాత్రం ఇస్తామన్నారు. వేదికతో మాట్లాడి చెబుతామని లేచి వచ్చేశాం. ఆ సాయంత్రం నుంచి యూనియన్ వాళ్లు మమ్మల్ని చూసే తీరే మారింది.

లో-ఫ్లోర్ షరతు టెండర్‌లో చేరింది. ట్రిప్పు టైము మీద హామీ నోటిమాటగానే ఉంది. అందుకే వేదికను రద్దు చేయలేదు. వచ్చే సమావేశానికి ఆ ఒక్క అంశమే ఎజెండా. ఈసారి కన్వీనర్ బాధ్యత యూనియన్‌ది.