మంచం కింద దాక్కున్న శంకరశాస్త్రి

జె.వి.సోమయాజులు అనగానే ఎవరికైనా శంకరాభరణం సినిమాలోని శంకరశాస్త్రే కళ్ల ముందుకొస్తాడు. రావాలి కూడా. కానీ 1980లో శంకరాభరణం వచ్చేనాటికి ఆయన యాభై దాటిన మనిషి, డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగంలో ఉన్న మనిషి, అన్నిటికీ మించి ఏళ్ల తరబడి స్టేజీ మీద కన్యాశుల్కం నాటకం ఆడి ఆడి పండిపోయిన నటుడు. ఈ చివరి సంగతి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నా బాధంతా అదే.

శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం వాళ్లది. తమ్ముడు జె.వి.రమణమూర్తి గిరీశం, అన్న సోమయాజులు రామప్పంతులు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఆ నాటకాన్ని ఊరూరా తిప్పారు. గురజాడ రాసిన రామప్పంతులు ఎలాంటివాడో చదివినవాళ్లకి తెలుసు, దొంగ కాగితాలు, కోర్టు వ్యాజ్యాలు, పెళ్లి బేరాలు, నోరు తెరిస్తే గొప్పలు, కష్టం వస్తే పిరికితనం. వేశ్య మధురవాణి ఇంట్లో సీను గుర్తుందా? గిరీశం వస్తున్నాడని పంతులు మంచం కింద దూరతాడు. కాసేపటికి పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వస్తే గిరీశం కూడా అదే మంచం కిందకే చేరతాడు. ఆవిడ కోపం గిరీశం మీద, దెబ్బ పడేది పంతులు మీద! అంటే సొంత తమ్ముడికి పడాల్సిన చీపురు దెబ్బ అన్నగారు తిని, జనాన్ని నవ్వించాలి. ఎన్ని ఊళ్లలో, ఎన్ని రాత్రులు తిన్నారో!

మా పెదనాన్న విజయనగరంలో చదువుకునే రోజుల్లో ఆ నాటకం చూశాడు. తర్వాత శంకరాభరణానికి వెళ్తే, సినిమా మొదలైన కాసేపటిదాకా ఆయన్ని రామప్పంతులుగానే చూశానని, ఈ శాస్త్రి ఎప్పుడు ఎవర్ని బోల్తా కొట్టిస్తాడో అని కాచుక్కూర్చున్నానని చెప్పేవాడు. ఆ తర్వాత పంతులు ఎటు పోయాడో తెలీలేదురా అనేవాడు. నటుడి గురించి ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. ఆ పాటలు పాడింది బాలు గారు. సోమయాజులు పెదవులు కదిపారు, అంతేనా? కాదు కదా. వర్షంలో 'శంకరా నాదశరీరాపరా' పాట ఇంకోసారి పెట్టుకుని, సౌండ్ పూర్తిగా తగ్గించేసి చూడండి. ఆ మెడ, ఆ గుండెల నిండా తీసుకునే ఊపిరి, సగం మూసిన ఆ కళ్లు, పాట వినపడకపోయినా ఆ మనిషి పాడుతున్నాడనే అనిపిస్తుంది. మైకు అందినా అందకపోయినా చివరి వరసలో కూర్చున్నవాడిదాకా చేరాలని ఒళ్లంతా పెట్టి ఆడిన స్టేజీ మనిషికే అది సాధ్యం. పైగా సినిమాకొచ్చేసరికి స్టేజీ మీది ఆ పెద్ద నటనని ఎంత తగ్గించుకున్నారో చూడండి, కూతురు స్వరం తప్పితే "శారదా!" అని ఒక్క అరుపు, అంతే, దాని తర్వాత మళ్లీ మౌనం. స్టేజీ నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి ఈ తగ్గించుకోవడమే చేతకాదు.

ఆ తర్వాత బాపు గారి వంశవృక్షం, త్యాగయ్య. విశ్వనాథ్ గారి సప్తపది నాకు మరీ ఇష్టం. ఆచారమే ప్రాణంగా బతికిన యాజులు గారు, తన మనవరాలి మనసు ఎక్కడుందో తెలిశాక, కులం కట్టుబాటు దాటి ఆమెని హరిజన యువకుడి చేతిలో పెడతాడు. ఆ నిర్ణయానికి రావడానికి ముందు ఆ ముసలాయన లోపల పడే నలుగుడంతా సోమయాజులు ముఖంలో కనిపిస్తుంది. డైలాగుల కోసం కాదు, ఆ ముఖం కోసం ఆ సినిమా చూడాలి.

కానీ అక్కడే చిక్కు వచ్చింది. శంకరశాస్త్రి అంత పెద్దవాడైపోయాడు కాబట్టి, సినిమావాళ్లు ఆయనకి ఎక్కువగా ఆ పెద్దరికాన్నే ఇస్తూ పోయారు. తాతలు, గురువులు, పండితులు, ఆదిత్య 369లో మహామంత్రి తిమ్మరుసు. అన్నీ బాగా చేశారు, కాదనను. అయితే జనాన్ని పడీ పడీ నవ్వించిన ఆ మాయదారి పంతుల్ని తెర మీద ఆడుకోనివ్వాలని ఎంతమందికి తోచింది? రావు గోపాలరావు గారు విలన్ వేషాలతో ఏలుతున్న రోజుల్లో సోమయాజులుకీ ఒక తీయటి మాటల మోసగాడి వేషం పడి ఉంటే ఎలా ఉండేదో అని నేను ఇప్పటికీ ఊహించుకుంటూ ఉంటాను.

2004లో ఆయన, 2016లో రమణమూర్తి గారు వెళ్లిపోయారు. వాళ్ల కన్యాశుల్కం చూసినవాళ్లు కూడా ఇప్పుడు బాగా పెద్దవాళ్లయిపోయారు. మీ ఇంట్లో తాతయ్యో, మామ్మో, ఎవరైనా చూసి ఉంటే దయచేసి అడగండి, ఫోన్‌లో రికార్డు చేయండి. చీపురు దెబ్బ తిన్నాక సోమయాజులు మంచం కింద నుంచి ఎలా బయటికొచ్చేవారు, ఉత్తరీయం ఎలా దులుపుకునేవారు, జనం ఎక్కడ నవ్వేవారు, ఇవన్నీ అడగండి.